సుంకం: కట్టేది ఎప్పుడు?

కృష్ణపట్నం రేవులో ట్యాంకరు ఓడ నుంచి దిగిన ముడి పామాయిల్‌కు దిగుమతి సుంకం ఆ పూటే కట్టక్కర్లేదు. 1962 నాటి కస్టమ్స్ చట్టం ప్రకారం సరుకును బాండెడ్ గిడ్డంగిలో పెట్టి, సుంకానికి మూడు రెట్ల మొత్తానికి బాండు రాసివ్వాలి. దేశంలో వాడకానికి బయటికి తీసినప్పుడే చెల్లింపు. 90 రోజులు దాటితే మాత్రం వడ్డీ పడుతుంది.

సంస్కృత ‘శుల్కం’ ప్రాకృతంలో ‘సుంక’ అయి, తెలుగులో సుంకంగా స్థిరపడింది. వసూలు చేసేవాడు సుంకరి. ఇప్పుడది ఇంటిపేరు కూడా. అతగాడి కాఠిన్యానికి సామెతే సాక్షి: సుంకరి ముందర సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టు.

తగ్గించిన రాజులూ లేకపోలేదు. వేంగి చాళుక్య వంశం నుంచి వెళ్లి చోళ సింహాసనమెక్కిన మొదటి కులోత్తుంగుడికి తమిళంలో ‘సుంగం తవిర్త’ అని బిరుదు. సుంకం ఎత్తేసినవాడని అర్థం. కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి అభయశాసనం వేయించి, ఓడ వర్తకులకు ముప్పైకి ఒక వంతు సుంకం ఖరారు చేశాడు.

రేవు సరుకుకు ఉన్న ఈ వాయిదా సూత్రం షేర్లకూ వర్తిస్తుంది. కొన్న లిస్టెడ్ షేర్ల ధర ఎంత పెరిగినా, అమ్మేదాకా ఆ పెరుగుదలపై పన్ను లేదు. ఏడాది దాటాక అమ్మితే, 2024 బడ్జెట్ మార్పుల ప్రకారం, ఆర్థిక సంవత్సరానికి 1.25 లక్షల రూపాయల లాభం వరకు మినహాయింపు, ఆపైన 12.5 శాతం పన్ను.