తండ్రి పేరు, బిడ్డ పేరు - మన పాలమూరు సీమలో

బిడ్డ పుట్టినప్పుడు మన ఇండ్లలో మొట్టమొదట వినిపించేది చెవిలో చెప్పే అజాన్. ఆ తరువాత వినిపించేది పేరు గురించిన వాదం. ఏడవనాడు అఖీఖా లోపల పేరు ఖాయం కావాలె. దాదీ ఒకటి అంటుంది, నానీ ఇంకొకటి అంటుంది, ఫుఫీ మూడవది పట్టుకొస్తుంది. పడుచు తల్లిదండ్రులకు ఎక్కువగా నచ్చేది మాత్రం అబ్బా పేరుతోనో అమ్మీ పేరుతోనో ప్రాస కలిసే పేరు. తండ్రి రఫీ అయితే కొడుకు రఫీఖ్. తల్లి ఖైరున్నీసా అయితే కూతురు మెహరున్నీసా. వినడానికి ఇంపుగానే ఉంటుంది. అయితే ఇది కొత్తగా వచ్చిన ముచ్చట కాదు. దీని వెనుక చాలా చరిత్ర ఉన్నది, కొంత తంటా కూడా ఉన్నది.

అరబ్బీ భాషలో మాటకు సాధారణంగా మూడక్షరాల వేరు ఉంటుంది. హ, మ, ద అనే ఒక్క వేరు నుంచే ముహమ్మద్, అహ్మద్, మహమూద్, హామిద్, హమీద్ అనే పేర్లన్నీ వచ్చినవి. అన్నింటిలోను ఉన్నది ప్రశంస అనే అర్థమే. కనుక తండ్రి మహమూద్, కొడుకు హామిద్ అయితే అది వట్టి శబ్దం కలవడం కాదు, అర్థం కూడా కలవడమే. హసన్ అనే మాటకు చిన్నరూపమే హుసేన్. ఇమాం హసన్ గారి కుమారులలో ఒకరికి తండ్రి పేరే ఉన్నది. ఆయనను హసనె ముసన్నా, అంటే రెండవ హసన్ అని చరిత్ర గుర్తు పెట్టుకున్నది. ఇమాం హుసేన్ గారి కుమారులలో అలీ పేరు ఒకరికి మించి ఉండడంతో అక్బర్ అని పెద్దవారిని, అస్గర్ అని చిన్నవారిని వేరు చేసి చెప్పుకోవలసి వచ్చింది. మొహర్రంలో పీర్ల చావడి దగ్గర ఈ పేర్లు విననివారు మన పల్లెలలో హిందువులలో కూడా ఉండరు.

రాజుల ఇండ్లలోనూ ఇదే వరస. మొగల్ వంశంలో తాత జహంగీర్, తండ్రి షాజహాన్, బిడ్డ జహానారా. ఇందులో ఒక విచిత్రమున్నది. జహానారా పుట్టినది 1614లో. ఆమె తండ్రి ఖుర్రంకు షాజహాన్ అనే బిరుదు దక్కినది 1617లో. అంటే బిడ్డ పేరు తండ్రి పేరుతో కలియలేదు, తండ్రి పేరే వచ్చి బిడ్డ పేరుతో కలిసింది! ఆమె చెల్లెళ్ళు రోషనారా, గౌహరారా.

మన ఆసఫ్‌జాహీల సంగతి చూడండి. మీర్ మహబూబ్ అలీ ఖాన్, ఆయన కుమారుడు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్, ఆయన పెద్ద కుమారుడు మీర్ హిమాయత్ అలీ ఖాన్, ఆయన కుమారుడు మీర్ బర్కత్ అలీ ఖాన్. ముందు మీర్, వెనుక అలీ ఖాన్, నడుమ ఒక్క మాటే మారుతుంది. బిరుదులలోనూ అంతే. ఏడవ నిజాం కుమారులలో ఇద్దరు ఆజమ్ జాహ్, ముఅజ్జమ్ జాహ్. రెండు మాటలకూ వేరు ఒక్కటే, గొప్పతనం. మనుమలు ముకర్రమ్ జాహ్, ముఫఖ్ఖమ్ జాహ్. ఆరవ నిజాం పేరు మీద 1890లో పాలమూరు కాస్తా మహబూబ్‌నగర్ అయింది. మహబూబ్ అనే పేరు మన సీమలో ఇంటింటా వినిపిస్తుంది.

ఇది ముస్లిముల ఇండ్ల ముచ్చట మాత్రమే అనుకోవద్దు. గద్వాల సంస్థానంలో సోమభూపాలుడు, రామభూపాలుడు, సీతారామభూపాలుడు అని పేర్లు తిరిగి తిరిగి వచ్చినవి. చివరకు పెద సోమభూపాలుడు, చిన సోమభూపాలుడు అని వేరు చేయక తప్పలేదు. వనపర్తిలో రామేశ్వరరావులు ముగ్గురు. అక్కడ మనుమనికి తాత పేరు వచ్చింది. వనపర్తి సంస్థానం ఆఫ్రికా సిద్దీ సిపాయిల దళాన్ని పోషించింది. హైదరాబాదులో ఏ.సి.గార్డ్స్ అనే బస్తీ పేరుకు ఆ సిద్దీల అశ్వదళమే మూలం. మన ఊళ్ళలో ఈ కథ చెప్పేవారు ఒక రామేశ్వరరావు పనిని ఇంకొక రామేశ్వరరావుకు అంటగడుతుంటారు. పార్లమెంటు సభ్యుడుగా, ప్రచురణకర్తగా పేరుపొందిన జె.రామేశ్వరరావు (1923-1998) వారిలో చివరివారు. పేర్లు కలిస్తే ఊళ్ళకు కూడా తిప్పలే. కృష్ణకు ఆవల కర్నూలు ఉన్నది, ఈవలి కందనూలు నాగర్‌కర్నూలు అని పిలిపించుకుంటున్నది.

ఇక ఇంటిలోపలి సంగతి. వెనుకటి రోజుల్లో మన ఆడవారు భర్త పేరు నోట పలికేవారు కాదు. "మున్నా కే అబ్బా" అనే పిలిచేవారు. కొడుకు పేరు కూడా అదే ధ్వనిలో ఉంటే తల్లి బిడ్డను పిలిచేదెట్లా? అందుకని కాగితం మీద ఒక పేరు, నోట ఇంకొక పేరు. బాబా, పాషా, మున్నా, చోటూ అనే పేర్లు మన ఇండ్లలో ఇంతగా నిలిచిపోవడానికి ఇది కూడా ఒక కారణమని నా అభిప్రాయం. తెలుగు ఇండ్లలో మామగారి పేరు పిల్లవానికి పెట్టినప్పుడు కోడలు పడే అవస్థా ఇదే.

అసలు తంటా లిపి మారినప్పుడు వచ్చింది. నిజాం రాజ్యంలో 1880ల దశకంలో ఫార్సీ స్థానంలో ఉర్దూ అధికార భాష అయింది. సేత్వార్, వసూల్ బాఖీ వంటి భూమి రికార్డులు ఉర్దూలో నడిచినవి. ఫలానా వల్ద్ ఫలానా, అంటే ఫలానావాని కొడుకు ఫలానా అని రాసేవారు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, 1966లో అధికార భాషా చట్టం వచ్చింది, క్రమేణా దఫ్తర్లు తెలుగులోకి మారినవి. ఉర్దూలో జాల్, జే, జ్వాద్, జోయ్ అని నాలుగు అక్షరాలు. తెలుగులో నాలుగింటికీ జ ఒక్కటే. జాల్‌తో రాసిన నజీర్ అంటే హెచ్చరించేవాడు, జోయ్‌తో రాసిన నజీర్ అంటే సాటి అయినవాడు. ఉర్దూలో ఇద్దరు మనుషులు, తెలుగులో ఒక్కడు. సీన్, స్వాద్, సే మూడూ స అయినవి. నాసిర్, నసీర్ ఇద్దరూ పలుకుబడిలో నాసర్ అయి కూర్చున్నారు. తప్పు తెలుగుది కాదు, ఉర్దూది కాదు. రెండు భాషల నడుమ నిలబడిన గుమాస్తా చెవికి ఎట్లా వినిపిస్తే అట్లా రాసినాడు.

మా ఇంటిలోనే జరిగినది చెప్తాను. మా బడే అబ్బా పేరుకు, ఆయన కొడుకు పేరుకు ఉర్దూలో ఒక అక్షరమే తేడా. అబ్బా పేరు మీద మమకారంతో పెట్టుకున్నదే. బడే అబ్బా పోయిన తరువాత విరాసత్ కోసం దరఖాస్తు పెడితే, పట్టాదారు పేరూ నీ పేరూ ఒక్కటే గదా, నీ పేరున ఉన్న భూమికి నీకు విరాసత్ ఎందుకు అన్నారు. పోనీ అని ఊరుకుంటే ఓటర్ల జాబితాలో చనిపోయిన తండ్రి పేరు ఉండిపోయింది, బతికున్న కొడుకు పేరు కొట్టివేసినారు. తాను బతికే ఉన్నానని రుజువు చేసుకోవడానికి మా అన్న ఎన్నిసార్లు తిరిగినాడో లెక్కలేదు. చివరకు పనికివచ్చినది వెనుకటి ఉర్దూ నకలు. దాన్ని చదివి చెప్పగల పెద్దమనిషి కోసం కూడా ఊరూరా వెతకవలసి వచ్చింది.

1954-55 ఖాస్రా పహాణీని నేటికీ హక్కుకు ఆధారంగా చూస్తున్నారు. 2020లో ధరణి వచ్చింది, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. తెరమీద పేరు ఎట్లా ఉంటే అట్లానే నడుస్తుంది, మనిషి ముఖం అక్కడ కనిపించదు. 2017లో ఉర్దూ తెలంగాణ అంతటా రెండవ అధికార భాష అయినా, పాత కాగితాలలో కలిసిపోయిన పేర్లు వాటంతట అవి విడిపోవు.

తొందర పడవలసిన పని కూడా లేదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం బిడ్డ పేరు లేకుండానే పుట్టుక నమోదు చేయించవచ్చు. పన్నెండు నెలల లోపల రుసుము లేకుండా పేరు చేర్చవచ్చు, ఆ తరువాత రుసుము కట్టి పదిహేనేండ్ల వరకు చేర్చవచ్చు.

ఈ మధ్య మా అన్నకు మనుమడు పుట్టినాడు. కోడలు, కొడుకు కలిసి అబ్బా పేరుతో ప్రాస కలిసే పేర్లు ఆరేడు ఏరి పెట్టుకున్నారు. మా అన్న ఏమీ అనలేదు. కాగితం తెప్పించి ఒక్కొక్క పేరు ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి రాసినాడు. పక్కన పిల్లవాని తండ్రి పేరు, తాత పేరు కూడా మూడు లిపులలో రాసినాడు. రాసి, కండ్లద్దాలు తీసి, దూరంగా పట్టుకొని చూసినాడు. ఆరింటిని కొట్టివేసినాడు. మిగిలిన ఒక్కటే ఇప్పుడు ఆ పిల్లవాని పేరు. తల్లి మాత్రం వానిని చోటూ అనే పిలుస్తున్నది.