కోళ్ల మేతలో వెల్లుల్లి, ఉల్లి

'''వెల్లుల్లి''' (ఆలియం సటైవం), '''ఉల్లి''' (ఆలియం సెపా) లను కోళ్ల మేతలో పొడిగా గాని, ముద్దగా గాని కలిపి రోగనిరోధక శక్తిని పెంచుటకు ప్రయత్నించడం పెరటి కోళ్ల పెంపకంలో పాత అలవాటు. 2006 జనవరి 1 నుండి ఐరోపా సమాఖ్య పెరుగుదల కొరకు మేతలో యాంటీబయాటిక్‌ల వాడకాన్ని నిషేధించిన తరువాత వీటిపై పరిశోధనలు ఎక్కువయ్యాయి. భారతదేశం 2019లో పశుపక్ష్యాదుల పెంపకంలో కొలిస్టిన్‌ను నిషేధించింది.

== రసాయన గుణాలు ==
వెల్లుల్లి రెబ్బను నలిపినపుడు అందలి ఆలిన్ అనే పదార్థం ఆలినేజ్ అనే ఎంజైము వలన ఆలిసిన్‌గా మారుతుంది. ఆలిసిన్‌కు సూక్ష్మజీవులను అణచే గుణం కలదని 1944లో కవల్లిటో, బెయిలీ తెలిపారు. ఇది త్వరగా విచ్ఛిన్నమవుతుంది. వేడి చేస్తే ఎంజైము నశిస్తుంది. ఉల్లిలో క్వెర్సెటిన్ అనే ఆక్సీకరణ నిరోధకం ఉంటుంది. రెండింటిలోను ఉండే ఫ్రక్టాన్‌లు పేగులలోని మేలుచేసే బాక్టీరియాకు ఆహారమవుతాయి.

== కోడి రోగనిరోధక వ్యవస్థ ==
కోడిలో ప్రతిరక్షకాలను తయారుచేసే బి-కణాలు బర్సా ఆఫ్ ఫాబ్రిసియస్ అనే అవయవంలో పరిపక్వమవుతాయి. దీని పాత్రను 1956లో బ్రూస్ గ్లిక్, సహచరులు వెల్లడించారు. గంబోరో వ్యాధి వైరస్ ఈ అవయవాన్నే దెబ్బతీస్తుంది.

== పరిశోధనా ఫలితాలు ==
పరిశోధకులు సాధారణంగా కిలో మేతకు కొన్ని గ్రాముల నుండి 30 గ్రాముల వరకు పొడిని కలిపి, టీకా తరువాత రక్తంలోని ప్రతిరక్షకాల స్థాయిని, బర్సా, థైమస్, ప్లీహముల బరువును కొలుస్తారు. కొన్ని ప్రయోగాలలో రాణీఖేత్ (కొక్కెర) వ్యాధి టీకాకు ప్రతిస్పందన మెరుగుపడింది. మరికొన్నింటిలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. పొడి తయారీ విధానం, మోతాదు, కోడి వయసు, పరిసరాల శుభ్రత వేరువేరుగా ఉండడం ఇందుకు ప్రధాన కారణాలు. మోతాదు మించితే ఘాటు వలన కోళ్లు మేత తక్కువ తినవచ్చు. ఉల్లిలోని కొన్ని గంధక సమ్మేళనాలు కుక్కలు, పిల్లులు, పశువులలో ఎర్రరక్తకణాలను ధ్వంసం చేస్తాయి. కావున అధిక మోతాదు శ్రేయస్కరం కాదు.

== గ్రామీణ పెంపకంలో ==
బాపట్ల జిల్లా (2022 ఏప్రిల్ వరకు గుంటూరు జిల్లా) లోని పిట్టలవానిపాలెం మండలం వంటి కృష్ణా డెల్టా ప్రాంతాలలో వరి ప్రధాన పంట. ఇటువంటి ఊళ్లలో పెరటి కోళ్లకు నూకలు, తవుడు, ధాన్యపు గింజలు మేతగా దొరుకుతాయి. నలిపిన వెల్లుల్లిని వీటిలో కలిపి పెట్టడం తేలిక. నలిపిన వెంటనే పెట్టడం మేలు. కాని రాణీఖేత్ వ్యాధి సోకితే టీకా వేయని మందలో అధికభాగం కొద్ది రోజులలోనే చనిపోవచ్చు. ఈ వ్యాధికి మందు లేదు, టీకాయే రక్షణ. పిల్లలకు 5-7 రోజుల వయసులో లసోటా చుక్కలు కంటిలో గాని ముక్కులో గాని వేస్తారు. 6-8 వారాల వయసులో ఆర్2బి టీకా ఇస్తారు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో కోళ్ల మరణాలకు కారణమైన బర్డ్ ఫ్లూను కూడా వెల్లుల్లి, ఉల్లి ఆపలేవు. అవి మేతకు అనుబంధమే గాని టీకాకు, శుభ్రతకు ప్రత్యామ్నాయం కావు.