పెంటకుప్ప మీద ఎవరి పేరు?

మా అమ్మమ్మ తెల్లారకముందే కసువూ పేడా గంపకెత్తి పెరట్లో పెంటకుప్ప మీద పోసేది. పొయ్యిలో బూడిదా అందులోకే. ఏడాదికోసారి తాతయ్య ఆ ఎరువు బండికెత్తించి "నా చేనికి" తోలించేవాడు.

కూరగాయల తొక్కలు తొట్టిలో మగ్గబెట్టడం మొదలెట్టాక కంపోస్టు చరిత్ర చదివాను. చెత్త, పేడ, పశువుల మూత్రం ఇంకిన మట్టి, బూడిద పొరలుగా పేర్చి, తడిపి, తిరగేస్తే మూడు నెలల్లో ఎరువు. ఈ ఇండోర్ పద్ధతి 1931లో పుస్తకమైంది. రచయితలు ఆల్బర్ట్ హోవార్డ్, యశ్వంత్ వాడ్. మరి గాబ్రియెల్? ఆల్బర్ట్ భార్య, స్వయంగా వృక్షశాస్త్రవేత్త. పూసాలో, ఇండోర్‌లో పాతికేళ్ళు అతనితో కలిసి పనిచేసింది. 1909లో గోధుమల మీద పుస్తకం ఇద్దరి పేరుతోనే వచ్చింది. 1930లో చనిపోయింది. 1940 నాటి తన ప్రసిద్ధ గ్రంథాన్ని ఆల్బర్ట్ ఆమెకు అంకితమిచ్చాడు. ప్రేమే, కాదనను. కానీ అంకితం పుట వేరు, రచయిత పేరుండే పుట వేరు. ఇక ఇండోర్ చుట్టుపక్కల పేడ గంపలు మోసిన ఆడవాళ్ళు ఏ పుటలోనూ లేరు.

మొన్న తొట్టి కంపు కొడుతోందని అమ్మకి ఫోన్ చేశాను.

"తడి ఎక్కువైందే. ఎండాకులు కలుపు. అమ్మమ్మ రోజూ పైన పొడి కసువు పరిచేది, చూళ్ళేదూ?"

చూశాను. రాసుకోలేదు.