రక్తంలో భాస్వరం లెక్క

తుని దాటి తాండవ వంతెన ఎక్కితే అవతల పాయకరావుపేట. ఒకప్పటి తూర్పు గోదావరి జిల్లా అక్కడితో అయిపోయి విశాఖ జిల్లా మొదలయ్యేది. పెద్ద జబ్బు చేస్తే ఈ రెండు ఊళ్లవాళ్లకు ఎప్పుడూ రెండే దారులు. కిందికి వెళ్తే కాకినాడ పెద్దాసుపత్రి, పైకి వెళ్తే విశాఖ కేజీహెచ్. తెల్లకణాలు లక్షల్లోకి ఎక్కి, ప్లీహం వాచి, అది క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా అని తేలితే, పాతికేళ్ల కిందటి దాకా ఏ దారిన పోయినా జవాబు ఒకటే: నాలుగైదేళ్లు. ఇప్పుడు అదే జబ్బుకు రోజూ మాత్ర వేసుకుని పొలం పనులు చూసుకుంటున్నవాళ్లున్నారు.

ఆ మాత్ర పట్టుకుని ఆపేది ఒక ఎంజైమును. ఎముక మజ్జలో పుట్టే కణాలకు ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు ఆగాలో కబురు చేరవేసే ఎంజైములను కైనేజులు అంటారు. ఏటీపీ అనే అణువు నుంచి ఒక ఫాస్ఫేట్‌ను తుంచి మరో ప్రొటీనుకు అతికించడం, అంతే వాటి పని. ఆ అతుకుతోనే ప్రొటీను పనిలోకి దిగుతుంది, లేదా పని మానేస్తుంది. కాబట్టి కైనేజుల చరిత్ర చెప్పాలంటే ముందు ఫాస్ఫేట్‌ను కొలిచినవాళ్ల దగ్గరికి వెళ్లాలి. వాళ్లలో ఒకరు గోదావరి మనిషి.

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో చదువుకున్నారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నానికి గానీ దాటలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసరుకు కోపమొచ్చింది, ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్ చేతికొచ్చింది. అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ వ్యాధితో పోయారు. తిన్నది ఒంటికి పట్టక, రక్తం తగ్గిపోయి మనిషి శల్యమయ్యే జబ్బది. అమెరికా ప్రయాణానికి మామగారు కొంత సర్దారు. రంగూన్‌లో సంపాదించిన మల్లాడి సత్యలింగం నాయకర్ పేరిట కాకినాడలో నడిచే ధర్మసంస్థ సాయం చేస్తామంది. హార్వర్డ్ బాట పట్టడానికి ఆ రెండూ ఆసరా అయ్యాయి.

అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన తేల్చిన మొదటి పెద్ద పని 1925లో అచ్చయింది: రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో రంగుతో కొలిచే పద్ధతి. రక్తంలోని ప్రొటీన్లను ఆమ్లంతో విరగ్గొట్టి వడకట్టేవారు. తేటలో మాలిబ్డేట్ పోసి, దాన్ని క్షయకరణం చేసే రసాయనం కలిపితే నీలిరంగు వస్తుంది. భాస్వరం ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. దాన్ని తెలిసిన కొలత ఉన్న ద్రావణం పక్కన పెట్టి, కలరీమీటరు కళ్లద్దంలోంచి చూస్తూ, రెండు సగాలూ ఒకే నీలంగా కనిపించేదాకా పైకీ కిందికీ జరిపేవారు.

కండరం రసంతో ఇదే చేసినప్పుడు ఓ తిరకాసు ఎదురైంది. నీలిరంగు వెంటనే తేలకుండా, నిమిషాలు గడిచేకొద్దీ చిక్కబడుతూ పోయింది. మరొకరైతే పరికరాన్ని తిట్టుకుని ఊరుకునేవారు. వీళ్లు ఆ ఆలస్యం వెంటే పోయారు. ఆమ్లంలో మెల్లగా విడిపోతూ ఫాస్ఫేట్ వదిలే పదార్థం ఏదో ఉందని పట్టుకున్నారు, అదే ఫాస్ఫోక్రియాటిన్. 1929కి ఏటీపీనీ వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమన్‌కూ అదే ఏడాది అది దొరికింది.

సుబ్బారావు అనగానే మనకు ఫోలిక్ యాసిడ్ గుర్తొస్తుంది. అదీ న్యాయమే. లెడర్లీ మందుల కంపెనీలో ఆయన బృందం 1945 నాటికి దాన్ని సంశ్లేషించింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు మందు దొరికింది. ఫోలిక్ యాసిడ్‌కు విరోధిగా తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకిచ్చారు. 16 మందిలో 10 మందికి జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించారు. సుబ్బారావు ఆ ఏడాదే ఆగస్టులో కన్నుమూశారు. అయినా పునాది పని ఏదంటే ఆ నీలిరంగు పద్ధతికే ఓటెయ్యాలి. మందులు మారతాయి, కొలత నిలుస్తుంది.

ఫాస్ఫేట్ అతుకు ఎంజైములకు మీట లాంటిదని ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ చూపించింది 1950ల నడిమిలో. నోబెల్ వచ్చింది 1992లో. రక్తంలో ఆ మీట ఎవరి చేతిలో ఉందో 1993లో తెలిసింది. మూత్రపిండాలు పంపే ఎరిత్రోపోయిటిన్ హార్మోను మజ్జలోని కణాన్ని తట్టగానే, లోపల జాక్2 అనే కైనేజు లేచి ఎర్రకణం తయారీకి ఆజ్ఞ అందిస్తుంది. మన ఒంట్లో సెకనుకు సుమారు 20 లక్షల ఎర్రకణాలు పుడుతున్నాయంటే ఈ కబురు వల్లే. జాక్2 లేని ఎలుక పిల్లలు ఎర్రకణాలు తయారవక గర్భంలోనే చనిపోతాయని 1998లో తేలింది. అదే జాక్2లో ఒక్క అక్షరం మారితే కబురు ఆగకుండా మోగుతూనే ఉంటుంది, రక్తం చిక్కబడుతుంది. ఆ మార్పును 2005లో కనుగొన్నారు.

క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియాలోనూ ఇలాంటి తెగులే. 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారై బీసీఆర్-ఏబీఎల్ అనే ఆగని కైనేజు పుడుతుంది. ఏటీపీ కూర్చునే చోట తాను కూర్చుని దాన్ని నిలిపేసేదే మొదట చెప్పుకున్న మాత్ర, ఇమాటినిబ్. దానికి 2001 మేలో అమెరికా అనుమతి దొరికింది. దాన్ని తయారుచేసే నోవార్టిస్ అప్పట్లో పెట్టిన ధర నెలకు లక్షా ఇరవై వేల రూపాయలు. మన కంపెనీల మందు ఎనిమిది, పదివేలకు దొరికేది. ఆ మందు రూపానికి నోవార్టిస్ కోరిన పేటెంటు ఇవ్వొద్దని చెన్నై పేటెంటు కార్యాలయంలో అభ్యంతరం చెప్పినవాళ్లలో హైదరాబాదు కంపెనీలు నాట్కో, హెటెరో ఉన్నాయి. 2006లో దరఖాస్తు తిరస్కరించారు. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ అప్పీలు కొట్టేసింది. తునికి ఉత్తరాన హైవే మీదున్న నక్కపల్లిలో ఆ హెటెరోకే పెద్ద కర్మాగారముంది.

రక్తపరీక్షలో తెల్లకణాల లెక్క విపరీతంగా వచ్చి, వారాలు గడిచినా దిగకపోతే బీసీఆర్-ఏబీఎల్ పరీక్ష అవసరమా అని డాక్టరును అడగండి. మాత్ర మొదలుపెట్టినవాళ్లు ఒంట్లో బాగుందని మధ్యలో సొంతంగా మానేయకండి.