క్రాన్

క్రాన్ అనునది కంప్యూటరులో నిర్ణీత వేళకు నిర్ణీత పనిని మనిషి ప్రమేయం లేకుండా ప్రారంభించే ప్రోగ్రాము. యునిక్స్, లినక్స్ తరహా ఆపరేటింగు సిస్టములలో ఇది తెర వెనుక ఎల్లప్పుడూ నడుస్తూ ఉంటుంది. ప్రతి నిమిషానికి ఒకసారి మేల్కొని, ఆ నిమిషంలో మొదలు కావలసిన పని ఏదైనా ఉన్నదా అని ఒక పట్టికను చూస్తుంది. ఈ పట్టికను క్రాన్‌టాబ్ అంటారు. రాత్రిపూట బ్యాకప్ తీయడం, పాత ఫైళ్ళను తొలగించడం, ప్రతి ఉదయం నివేదికలు పంపడం వంటి పనులకు దీనిని ఉపయోగిస్తారు. క్రాన్ గడియారాన్ని మాత్రమే చూస్తుంది. పనికి కావలసిన సమాచారం సిద్ధమైనదో లేదో దానికి తెలియదు.

చరిత్ర

కాలము అనే అర్థం గల గ్రీకు పదం నుండి ఈ పేరు వచ్చింది. 1979లో బెల్ ప్రయోగశాలల నుండి వెలువడిన యునిక్స్ 7వ వెర్షనులో క్రాన్ ఉన్నది. అప్పట్లో యంత్రం మొత్తానికి ఒకే పట్టిక ఉండేది. తరువాతి కాలంలో ఒక్కొక్క వాడుకరికి వేరు పట్టిక ఏర్పడింది. 1987లో పాల్ విక్సీ వ్రాసిన క్రాన్ విశేషంగా వ్యాపించింది.

పట్టిక వ్రాసే విధానం

పట్టికలో ఒక్కొక్క వరుస ఒక్కొక్క పనిని తెలుపుతుంది. వరుస మొదట ఐదు గడులు ఉంటాయి. ఆ తరువాత నడపవలసిన ఆదేశాన్ని వ్రాస్తారు. గడుల క్రమం ఇది:

1. నిమిషం (0 నుండి 59)
2. గంట (0 నుండి 23)
3. తేదీ (1 నుండి 31)
4. నెల (1 నుండి 12)
5. వారం (0 నుండి 6, 0 అనగా ఆదివారం)

గడిలో నక్షత్రపు గుర్తు ఉంటే "ప్రతి" అని అర్థం. 30 8 * * * అని వ్రాస్తే ప్రతిరోజు ఉదయం 8:30 గంటలకు పని మొదలవుతుంది. */10 * * * * అని వ్రాస్తే 10 నిమిషాలకొకసారి మొదలవుతుంది. తేదీ, వారం రెండింటినీ నిర్దేశిస్తే వాటిలో ఏ ఒక్కటి సరిపోయినా పని నడుస్తుంది. కాబట్టి 0 6 1 * 1 అనే వరుస ఒకటవ తేదీ సోమవారమైనప్పుడు మాత్రమే నడుస్తుందనుకోవడం పొరపాటు. అది ప్రతి నెల ఒకటవ తేదీన, ప్రతి సోమవారం కూడా నడుస్తుంది.

కాలమానం: కృష్ణా డెల్టా ఉదాహరణ

క్రాన్ సాధారణంగా తాను నడిచే యంత్రపు కాలమానాన్ని అనుసరిస్తుంది. భారత ప్రామాణిక కాలం సార్వత్రిక కాలం (యూటీసీ) కంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. ఈ తేడాను విస్మరిస్తే కలిగే నష్టాన్ని వర్షపాత నివేదికల ద్వారా గ్రహించవచ్చు.

వాతావరణ పరిశీలనలు ప్రపంచమంతటా యూటీసీ ప్రకారం ఒకే వేళలకు జరుగుతాయి. వాటిలో 3:00 గంటల పరిశీలన భారతదేశంలో ఉదయం 8:30 గంటలకు వస్తుంది. భారత వాతావరణ శాఖ ఆ వేళతో ముగిసే 24 గంటల వర్షపాతాన్ని ఆ తేదీ కింద నమోదు చేస్తుంది. గన్నవరం, మచిలీపట్నం కేంద్రాలలోనూ ఇదే పద్ధతి.

విజయవాడలోని ఒక విద్యార్థి ఈ అంకెలను సేకరించి ఉదయం 9:00 గంటలకు పంపే ప్రోగ్రామును జనవరిలో వ్రాసి, న్యూయార్కు కాలమానంలో నడిచే సర్వరులో ఉంచాడనుకుందాం. అప్పుడు అక్కడ రాత్రి 10:30 అవుతుంది కనుక పట్టికలో 30 22 * * * అని వ్రాస్తాడు. మార్చి రెండవ ఆదివారం అమెరికాలో గడియారాలను ఒక గంట ముందుకు జరుపుతారు. ఆనాటి నుండి అదే పని మనకు 8:00 గంటలకే నడుస్తుంది. అప్పటికి ఆనాటి వర్షపాతం నమోదు కాదు. నవంబరు మొదటి ఆదివారం వరకు, అనగా నైరుతి ఋతుపవనాల కాలమంతా, నిన్నటి అంకె నేటిదిగా వెళ్ళగలదు. ప్రోగ్రాము ఎటువంటి దోషాన్నీ చూపదు. సర్వరును యూటీసీలో ఉంచి 30 3 * * * అని వ్రాస్తే భారతదేశంలో ఏడాది పొడవునా 9:00 గంటలకే నడుస్తుంది. అంకెతో పాటు దాని తేదీని కూడా ప్రోగ్రాము సరిచూడడం అవసరం.

ఎంత తరచుగా నడపాలన్నది కూడా విషయాన్ని బట్టి ఉంటుంది. ప్రకాశం బ్యారేజి వద్ద ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండవ హెచ్చరిక జారీ చేస్తారు. 2024 సెప్టెంబరు 2న ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. ఇటువంటి వేళ రోజుకు ఒకసారి సేకరించిన అంకె లంక గ్రామాలవారికి ఉపయోగపడదు.

పరిమితులు

* నిర్ణీత వేళకు యంత్రం ఆగి ఉంటే ఆ పని తప్పిపోతుంది. తప్పిన పనిని తరువాత నడిపించడానికి అనాక్రాన్ అనే ప్రోగ్రాము ఉన్నది.
* 10 నిమిషాలకొకసారి మొదలయ్యే పనికి 12 నిమిషాలు పడితే, మొదటిది ముగియకముందే రెండవది మొదలవుతుంది. దీనిని నివారించడానికి తాళపు ఫైలు వాడతారు.
* పని విఫలమైనా క్రాన్ దానిని మళ్ళీ ప్రయత్నించదు. కనుక ముఖ్యమైన పనులకు "వైఫల్య సందేశం రాలేదు" అన్నది చాలదు. "పని పూర్తయినది" అనే సందేశం అందేటట్లు ఏర్పాటు చేయాలి.

ఇతర సాధనాలు

విండోస్‌లో టాస్క్ షెడ్యూలర్, నేటి లినక్స్ వ్యవస్థలలో సిస్టమ్‌డీ టైమర్లు ఇదే పని చేస్తాయి. ఒకదానిపై ఒకటి ఆధారపడే పనుల వరుసకు 2014లో ఎయిర్‌బిఎన్‌బి సంస్థలో మొదలైన ఎయిర్‌ఫ్లో వంటి సాధనాలున్నాయి. ముందరి పని విజయవంతమైన తరువాతనే తరువాతి పనిని ఇవి ప్రారంభించగలవు. పై ఉదాహరణలో అయితే, ఆనాటి వర్షపాతం చేరిన తరువాతనే నివేదిక బయలుదేరేటట్లు చేయవచ్చు.