క్యాండీ ఊరేగింపులో ఎవరు ముందు?

శ్రీలంకలో ఇది బౌద్ధుల పండగ, ఇది హిందువుల పండగ అని గీత గీయడం కష్టం. ఆ సంగతి క్యాండీలో జరిగే ఏసల పెరహెర చూస్తే బాగా తెలుస్తుంది. పెరహెర అంటే ఊరేగింపు. ఏసల అంటే మన ఆషాఢమే. పాళీ భాషలో ఆసాళ్హ, సింహళంలో ఏసల అయింది. పేరు ఆషాఢమైనా, మన లెక్కలో పండగ శ్రావణంలో పడుతుంది. మామూలుగా ఆషాఢ అమావాస్య తర్వాత మొదలై శ్రావణ పౌర్ణమికి ముగుస్తుంది.

నేను మలేషియాలో పుట్టిన తెలుగువాణ్ణి. చదువంతా ఇంగ్లీషు మీడియం. తెలుగు ఇంట్లో విన్న భాష. చదవడం, రాయడం అరవై దగ్గర పడ్డాక సొంతంగా నేర్చుకున్నాను. మా రామాలయంలో వాలంటీరుగా ఉన్నాను. ఊరేగింపు రోజున ఎవరు ముందు నడవాలి, ఎవరు వెనక నడవాలి అనే లిస్టు రాయడం నా పని. అందుకని మా ఆవిడా నేనూ క్యాండీ వెళ్ళినప్పుడు ఆవిడ ఏనుగుల మీద దీపాలు చూసింది, నేను వరస చూశాను. ఈ వ్యాసం ఆ వరస గురించే. ఎందుకంటే దాన్ని పెట్టిన రాజు తెలుగు మూలాలున్న కుటుంబం వాడు.

ముందు వరస చెబుతాను. మొట్టమొదట కొరడాలు ఝళిపించేవాళ్ళు వస్తారు. ఆ చప్పుడు వింటే జనం దారి ఇస్తారు. తర్వాత నిప్పుతో ఆడేవాళ్ళు, జెండాలు, డప్పులు, నాట్యం చేసేవాళ్ళు. తర్వాత పెద్ద దంతాల ఏనుగు మీద పేటిక. బుద్ధుడి దంతం ఉన్న గుడి పేరు దళదా మాళిగావ. అసలు దంతం గుడి దాటి బయటికి రాదు. దాని పేటికలాంటి ఇంకో పేటిక ఊరేగుతుంది. ఇది మొదటి గుంపు.

దాని వెనక నాలుగు దేవాలయాల గుంపులు. సింహళంలో దేవాలె అంటారు. నాథ, విష్ణు, కతరగామ, పత్తిని, ఇదీ వరస. ప్రతి గుడికీ తన ఏనుగులు, తన డప్పులు, తన పెద్ద ఉంటారు. నాథుడు బోధిసత్త్వుడు, అంటే అవలోకితేశ్వరుడు. విష్ణువు మనకు తెలుసు. కతరగామ దేవుడు మన సుబ్రహ్మణ్యస్వామి. పత్తిని తమిళుల కణ్ణగి. చివరి ఐదు రాత్రుల్లో పల్లకీలు కూడా వస్తాయి. వాటిని రందోలి అంటారు. రన్ అంటే బంగారం, దోలి అంటే మన డోలీ. తెలుగు నేర్చుకునేవాళ్ళకి ఇలాంటి మాటలు దారిలో దొరికిన డబ్బుల్లాంటివి.

ఇప్పుడు చరిత్ర. ఈ ఊరేగింపులో దంతం మొదటినుంచీ లేదు. రాబర్ట్ నాక్స్ అనే ఇంగ్లీషువాడు 1660 నుంచి 1679 దాకా క్యాండీ రాజ్యంలో బందీగా ఉన్నాడు. తప్పించుకుని వెళ్ళి రాసిన పుస్తకం 1681లో లండన్‌లో అచ్చయింది. అందులో పెరహెర గురించి వివరంగా రాశాడు. ఏనుగులు ఉన్నాయి, దేవుళ్ళు ఉన్నారు, దంతం మాత్రం లేదు. అప్పటికి అది దేవుళ్ళ పండగ.

మార్చినవాడు కీర్తిశ్రీ రాజసింహ. 1747 నుంచి 1782 దాకా పాలించాడు. ఈయన క్యాండీలో ఎలా రాజయ్యాడో చెప్పాలి. క్యాండీ రాజులు చాలాకాలం మధురై వైపు నాయక్కర్ కుటుంబాలనుంచి పెళ్ళికూతుళ్ళను తెచ్చుకున్నారు. మధురై, తంజావూరు నాయకులు విజయనగరం కాలంలో దక్షిణానికి వెళ్ళిన తెలుగువాళ్ళు. తంజావూరు ఆస్థానంలో తెలుగు కావ్యాలు ఎన్ని పుట్టాయో మీకు తెలిసే ఉంటుంది. తరాలు గడిచాక వాళ్ళ ఇళ్ళలో తమిళం కూడా కలిసింది. మలేషియా తెలుగువాళ్ళకి ఈ సంగతి వివరించక్కర్లేదు, మా ఇళ్ళల్లోనూ అంతే.

1739లో నరేంద్రసింహ రాజు వారసుడు లేకుండా చనిపోయాడు. ఆయన పట్టపురాణి తమ్ముడు శ్రీవిజయ రాజసింహ పేరుతో గద్దె ఎక్కాడు. ఆయన తర్వాత ఆయన బావమరిది కీర్తిశ్రీ. ఇద్దరూ శైవ, వైష్ణవ పూజల మధ్య పెరిగినవాళ్ళు. రాజ్యం మాత్రం బౌద్ధ రాజ్యం. కాపాడవలసింది బుద్ధుడి దంతాన్ని.

కీర్తిశ్రీ ఆ పనిని మనస్ఫూర్తిగా చేశాడని నా నమ్మకం. అప్పటికి లంకలో భిక్షువులకు ఉపసంపద, అంటే పూర్తి దీక్ష ఇచ్చే పరంపర ఆగిపోయింది. వెలివిట శరణంకర అనే భిక్షువు దాన్ని మళ్ళీ నిలబెట్టాలని పట్టుబట్టాడు. రాజు సయాం దేశానికి, అంటే ఇప్పటి థాయిలాండ్‌కి దూతల్ని పంపాడు. ఓడ ఇచ్చింది డచ్చివాళ్ళు. 1753లో ఉపాలి థేరుడు కొంతమంది భిక్షువులతో క్యాండీ వచ్చి దీక్ష ఇచ్చాడు. ఈ రోజుకీ శ్రీలంకలో పెద్ద భిక్షు సంఘం పేరు సయాం నికాయ.

ఆ సయాం భిక్షువులే ఊరేగింపు చూసి, బౌద్ధ రాజ్యంలో బుద్ధుడు లేని ఉత్సవమేమిటి అని అడిగారని అక్కడ చెబుతారు. రాజు దంతాన్ని ముందు పెట్టాడు. నాలుగు దేవాలయాల్ని తీసెయ్యలేదు, వెనక నడిపించాడు.

లిస్టు రాసేవాడిగా నాకు ఇందులో పెద్ద విషయం కనబడింది. మా గుడిలో భజన బృందం ముందా, కోలాటం పిల్లలు ముందా అనేదానికే ప్రతి ఏడాదీ గొడవ. పక్క వీధి తమిళ కుటుంబాలు కావడి తెస్తామంటే, వాళ్ళని ఎక్కడ నిలబెట్టాలని ఇంకో గొడవ. మేం మొదటినుంచీ ఉన్నాం, వెనక్కి ఎందుకు నెట్టావని ఒక పెద్దాయన రెండేళ్ళు నాతో మాట్లాడలేదు. మనుషుల్ని వెనక నిలబెట్టడమే ఇంత కష్టం. కీర్తిశ్రీ దేవుళ్ళని వెనక నిలబెట్టాడు. వాళ్ళు ఎవరి దేవుళ్ళు? ఆయన ఇంట్లో కొలిచే విష్ణువు, సుబ్రహ్మణ్యుడు. తన ఇంటివాళ్ళని వెనక్కి జరిపి, తన ప్రజలదాన్ని ముందు పెట్టాడు. అందుకే అది నిలిచిందని నేను అనుకుంటాను.

దాంతో అందరూ ఆయన్ని సొంతవాడు అనుకున్నారా? లేదు. 1760లో కొందరు పెద్ద అధికారులు, కొందరు భిక్షువులు కలిసి ఆయన్ని చంపాలని కుట్ర పన్నారు. సయాం రాజకుమారుణ్ణి గద్దె మీద కూర్చోబెట్టాలని వాళ్ళ ఆలోచన. రాజు నుదుట విభూతి పెట్టుకుంటాడని ఒక ఫిర్యాదు. శరణంకర పేరు కూడా అందులో వచ్చింది. కుట్ర బయటపడింది. అధికారుల్లో కొందరికి మరణశిక్ష పడింది. శరణంకరను కొంతకాలం నిర్బంధించి తర్వాత వదిలారు. రాజు గుళ్ళు కట్టడం, బొమ్మలు వేయించడం మాత్రం ఆపలేదు. క్యాండీ దగ్గర దెగల్దొరువ గుహాలయం ఆయన కాలం నాటిదే. బస్సులో వెళ్ళి చూడొచ్చు.

నాయక్కర్ రాజుల్లో చివరివాడు శ్రీవిక్రమ రాజసింహ. చిన్నప్పటి పేరు కన్నుసామి. క్యాండీలో ఇప్పుడు అందరూ ఫోటో తీసుకునే చెరువు ఆయన తవ్వించిందే. ఆయన క్రూరత్వం కూడా నిజమే. 1814లో ఎహెలెపొల అనే అధికారి భార్యాపిల్లల్ని చంపించాడు. 1815 ఫిబ్రవరిలో బ్రిటిష్‌వాళ్ళు ఆయన్ని పట్టుకున్నారు. మార్చి 2న క్యాండీ పెద్దలతో ఒప్పందం రాసుకున్నారు. అందులో ఈ కుటుంబాన్ని మలబారు జాతి అన్నారు. వాళ్ళకి ఆ గద్దె మీద ఇక హక్కు లేదని, రాజు బంధువుల్లో మగవాళ్ళెవరూ అనుమతి కాగితం లేకుండా ఆ రాజ్యంలో అడుగు పెట్టకూడదని రాశారు. డెబ్భై ఆరేళ్ళు పాలించిన కుటుంబం ఒక్క కాగితంతో పరాయిదైపోయింది.

మూడు తరాలుగా, నాలుగు తరాలుగా ఇంకో దేశంలో ఉన్న మనలాంటివాళ్ళకి ఇది చదివితే గుండెల్లో ఎక్కడో గుచ్చుకుంటుంది. ఎంత చేసినా, మీరు అసలు ఎక్కడివాళ్ళు అనే ప్రశ్న మళ్ళీ వస్తుంది. కానీ ఇంకో సంగతి కూడా ఉంది. ఆ కాగితం రాజుల్ని పంపించింది, రాజు పెట్టిన వరసని మార్చలేదు. ఇప్పటికీ దంతం ముందు, విష్ణువు వెనక, సుబ్రహ్మణ్యుడు ఆయన వెనక. వీధి పక్కన కూర్చున్న సింహళ ముసలమ్మ పేటికకి దండం పెట్టి, కాసేపటికి కతరగామ దేవుడి ఏనుగుకీ అదే భక్తితో దండం పెడుతుంది.

మీరు వెళ్తే చివరి ఐదు రాత్రుల్లో వెళ్ళండి. మధ్యాహ్నానికే చోటు పట్టుకుని కూర్చోవాలి. మొదటి ఏనుగు వెళ్ళగానే లేవకండి, ఐదు గుంపులూ లెక్కపెట్టండి. ఇంకో మాట. శ్రీవిక్రమ రాజసింహని వేలూరు కోటకి పంపేశారు. 1832లో అక్కడే చనిపోయాడు. పాలారు దగ్గర ఆయన సమాధి ఉంది. మనవాళ్ళు తిరుపతి యాత్రకి ఎలాగూ వెళ్తారు. అక్కడినుంచి వేలూరు కొన్ని గంటల దారి. వెళ్ళినప్పుడు ఒక పూవు పెట్టి రండి.