ఒంటిచేతి ఆటగాండ్రు

పిల్లల ఆటలను గూర్చి పెద్దలతో ప్రసంగించుట కొందరికి వింతగా దోచవచ్చును. అయినను ఆటలకును చరిత్ర కలదు. 1930లో మన జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను మొదటి ఆంధ్ర మహాసభ జరిగిన కాలమున, ఇక్కడి అరుగులమీద ఆడిన అచ్చనగండ్లు ఒంటిచేతి ఆట. వామనగుంటలును, పులిజూదమును అట్టివే. అష్టావధాని చదరంగపు బల్లవంక చూడక, కాయలను ముట్టక ఎత్తు చెప్పును.

నేటి పిల్లలకు ప్రీతియైనవి వీడియో ఆటలు. తెరపై బొమ్మలు కదలుచుండగా ఆటగాడు కంట్రోలరను చిన్న పెట్టెను బట్టి, మీటలు నొక్కుచు వానిని నడపును. 1972లో అమెరికాలో వెలువడిన పాంగ్ అను ఆటకు త్రిప్పెడి మర యొక్కటే. ఒక చేయి చాలును. 1983లో జపానుదేశపు నింటెండో సంస్థ ఎడమ బొటనవ్రేలికి దిక్కులు చూపు మీటను, కుడి బొటనవ్రేలికి తక్కిన మీటలను అమర్చి పెట్టెను చేసెను. అది మిక్కిలి నచ్చుటచే తక్కిన కంపెనీలును ఆ యచ్చునే పట్టుకొన్నవి. 1997లో సోనీవారు దానికి రెండు చిన్న కర్రలను గూడ చేర్చిరి. నాటినుండి రెండు చేతులు, పది వ్రేళ్లు లేనివాడు ఈ యాటలకు పనికిరానివాడాయెను.

పటాన్‌చెరు వైపు కర్మాగారములలో ప్రెస్సుక్రింద వ్రేళ్లు పోగొట్టుకొన్నవారిని మీరును ఎరుగుదురు. నేనెరిగిన యొక యువకుడు తన కొడుకుతో ఇట్టి యాట ఆడబోయి, కొంతసేపటికే పెట్టెను ప్రక్కన బెట్టెను. బాలుడు ఒంటరిగా ఆడుకొనెను. దీనిని చిన్న నష్టమని నేను తలపను.

ఈ లోపమును మొదట గుర్తించినవారు పెద్ద కంపెనీలవారు కారు. కెన్ యాంకెలెవిట్జ్ అను అమెరికా యింజనీరు 1981 నుండి, కాలుచేతులు చచ్చుబడినవారికై నోటితో నడపదగిన సాధనములను స్వయముగా చేసి యిచ్చుచుండెను. 1989లో నింటెండోవారును రొమ్మున ధరించు పెట్టె నొకదానిని చేసిరి. గడ్డముతో కర్రను కదలించి, గొట్టములో ఊపిరి ఊదియు పీల్చియు ఆడవలెను. కాని యిది అంగడులలో దొరకునది కాదు. కంపెనీకి ఫోను చేసి తెప్పించుకొనవలెను.

ఇక్కడ ఒక తెలుగువాని ప్రసక్తి వచ్చును. హైదరాబాదులో 1967లో జన్మించిన సత్య నాదెళ్ల, ఐ.ఏ.యస్. అధికారి యుగంధరుగారి కుమారుడు. 1996లో ఆయన తొలిబిడ్డ మెదడుకు సంబంధించిన పక్షవాతముతో పుట్టెను. మాకేల యిట్లు జరిగెనని తాను మొదట కుమిలితిననియు, కష్టము వచ్చినది తనకు గాదు, బిడ్డకని గ్రహించుటకు ఏండ్లు పట్టెననియు ఆయనయే వ్రాసికొన్నాడు. ఆ కుమారుడు 2022లో మరణించెను. నాదెళ్ల 2014లో మైక్రోసాఫ్టు సంస్థకు ముఖ్యాధికారి యయ్యెను. గాయపడిన సైనికులకు సాధనములు చేసియిచ్చు నొక ధర్మసంస్థ పనిని జూచి, 2015లో ఆ సంస్థ యుద్యోగులు కొందరు క్రొత్త కంట్రోలరుకు నమూనా సిద్ధపరచిరి. అది 2018 సెప్టెంబరులో విపణికి వచ్చెను. మనవారు కొందరు దానిని నాదెళ్లయే కనిపెట్టెనందురు; అది సరికాదు. చేసినవారు వేరు. అట్టిపని సంస్థలో సాగుటకు ఆయన చోటిచ్చెననుట న్యాయము.

ఆ సాధనము పలకవలె నుండును. పైని అరచేతి వెడల్పున రెండు నల్లని గుండ్రని మీటలు. మోచేతితోనో, పాదముతోనో నొక్కవచ్చును. వెనుక 19 రంధ్రములు. ఒక్కొక్క రంధ్రమున ఒక్కొక్క వేరు మీటను తగిలించి, కాలికడ నొకటి, తలప్రక్క నొకటి తనకు వీలైన చోట నుంచుకొనవచ్చును. అట్టపెట్టెకు సైతము ఉంగరములవంటి పట్టీలు గుట్టిరి, పండ్లతో చింపు అవస్థ లేకుండ! సోనీవారును 2023లో ఇట్టిదానిని గుండ్రని రూపమున తెచ్చిరి.

మైక్రోసాఫ్టువారు మొదట నిర్ణయించిన వెల 100 డాలర్లకు ఒక సెంటు తక్కువ. తగిలించు మీటలను వేరుగా కొనవలెను. అవియే యొక్కొక్కప్పుడు పెట్టెకన్న ప్రియము. కాని ఆ రంధ్రములు సెల్‌ఫోనుకు తగిలించు చెవిగొట్టపు పిన్ను దూరునంతటివే. రెండు తీగెలు, ఒక పిన్ను, నొక్కిన కలియు మీట యొకటి యున్నచో, మన బజారులో సెల్‌ఫోనులు బాగుచేయు కుర్రవాడు దానిని ఒక పూటలో అతికి యీయగలడు.